ఐనోడ్ 2 తలుపు మూయడం: ఎన్‌ఎఫ్‌ఎస్ ఫైల్ హ్యాండిళ్లను ఊహకు అందకుండా చేసే పద్ధతి

"మేడమ్, మీరు కోప్పడనంటే ఒకటి చూపిస్తాను" అంటూ మూడో సంవత్సరం కుర్రాడు తన ల్యాప్‌టాప్ నా బల్ల మీద పెట్టాడు. తెరమీద మా ఫైల్ సర్వర్‌లో ఉన్న ఇంటర్నల్ మార్కుల ఫోల్డరు కనిపిస్తోంది. ఆ ఫోల్డరును నేనెప్పుడూ ఏ యంత్రానికీ ఎక్స్‌పోర్ట్ చేయలేదు, అంటే నెట్‌వర్కులో పంచలేదు. ల్యాబులకు ఇచ్చింది దాని పక్కనున్న విద్యార్థుల ఫోల్డరు ఒక్కటే. పాస్‌వర్డు ఏదీ దొంగిలించలేదని, సర్వర్‌లోకి లాగిన్ కూడా కాలేదని చెప్పాడు. "హ్యాండిల్‌లో చివరి 8 బైట్లు మార్చాను మేడమ్, అంతే."

నేను ఒక ఇంజనీరింగ్ కాలేజీలో 11 ఏళ్లుగా సిస్టమ్స్ చూసుకుంటున్నాను. 4 ల్యాబులు, 240 యంత్రాలు, వాటన్నిటికీ హోమ్ డైరెక్టరీలు అందించే సర్వర్ ఒకటి. నాలాంటి పని చేసేవాళ్లు మన ఊళ్లలో చాలామంది ఉన్నారు, ఇదే పొరపాటు వాళ్ల సర్వర్లలోనూ ఉండే అవకాశం ఎక్కువ. అందుకే ఆ రోజు నుంచి నేను చేసినవన్నీ వరుసగా రాస్తున్నాను. కమాండ్ల పేర్లు పలికినట్టుగా తెలుగులో రాశాను. టైపు చేసేటప్పుడు, "పెద్ద" అని చెప్పిన చోట తప్ప, ఇంగ్లీషు చిన్నబడి అక్షరాలే కొట్టండి.

ముందు హ్యాండిల్ అంటే ఏమిటో తేల్చుకోవాలి. గుడి దగ్గర చెప్పుల స్టాండు గుర్తు తెచ్చుకోండి. చెప్పులిస్తే 47 నంబరు టోకెన్ ఇస్తారు. తిరిగొచ్చి టోకెన్ చూపిస్తే చెప్పులిచ్చేస్తారు. మీరెవరు, ఏ ఊరు అని అడగరు. ఎన్‌ఎఫ్‌ఎస్‌లో, అంటే సర్వర్‌లోని ఫైళ్లను నెట్‌వర్కు మీదుగా వేరే యంత్రాలకు అందించే పద్ధతిలో, ఫైల్ హ్యాండిల్ సరిగ్గా ఆ టోకెనే. క్లయింటు యంత్రం ఒక ఫైలును తెరిచినప్పుడు సర్వర్ దానికొక బైట్ల వరస ఇస్తుంది. ఆ తర్వాత చదవాలన్నా రాయాలన్నా క్లయింటు పంపేది ఫైలు దారి కాదు, ఆ వరసనే. 1989లో వచ్చిన రెండో వెర్షన్ ప్రమాణంలో దాని పొడవు 32 బైట్లు. 1995 నాటి మూడో వెర్షన్‌లో 64 వరకు, నాలుగో వెర్షన్‌లో 128 వరకు పెంచారు.

ఆ బైట్లలో సర్వర్ ఏం రాస్తుందో క్లయింటుకు తెలియాల్సిన పని లేదు. కానీ విప్పి చూస్తే తెలిసిపోతుంది. లైనక్స్ సర్వర్ మీద ఎక్స్‌4 (ఈఎక్స్‌టీ4 అని రాసే ఫైల్ సిస్టమ్, అంటే డిస్కు మీద ఫైళ్లను అమర్చే పద్ధతి) ఉంటే, మొదటి 4 బైట్లు ఇది ఏ రకం హ్యాండిల్ అని చెబుతాయి. తర్వాత ఫైల్ సిస్టమ్ గుర్తింపు, సాధారణంగా దాని యూయూఐడీ, అంటే ఆ ఫైల్ సిస్టమ్‌కు విడిగా ఇచ్చిన పొడవాటి గుర్తింపు సంఖ్య. చివర్లో ఐనోడ్ నంబరుకు (డిస్కు మీద ప్రతి ఫైలుకూ ఉండే వివరాల చీటీయే ఐనోడ్) 4 బైట్లు, జనరేషన్ నంబరుకు 4 బైట్లు. మా కుర్రాడు మార్చింది ఆ చివరి ఎనిమిదే.

జనరేషన్ నంబరు ఎందుకంటారా? ఒక ఫైలును చెరిపేస్తే దాని ఐనోడ్ నంబరు ఖాళీ అవుతుంది, రేపు ఇంకో ఫైలుకు అదే నంబరు రావచ్చు. పాత ఫైలు హ్యాండిల్ పట్టుకున్న క్లయింటు కొత్తవాళ్ల ఫైల్లో రాసేయకూడదు కదా. అందుకని ప్రతి ఐనోడ్‌కూ ఇది ఎన్నో కాపురమో చెప్పే రెండో అంకె ఒకటి ఉంటుంది. అది కలవకపోతే సర్వర్ "స్టేల్ ఫైల్ హ్యాండిల్" అని తిప్పికొడుతుంది. ఇది మొదట భద్రత కోసం పెట్టిన అంకె కాదు, పొరపాట్లు జరగకుండా పెట్టింది. అయితే ఐనోడ్ నంబర్లు చిన్న చిన్న వరస అంకెలు కాబట్టి, బయటివాడికి ఊహించడం కష్టమయ్యే అంకె హ్యాండిల్‌లో ఏదైనా ఉందంటే అది ఈ జనరేషన్ నంబరే.

ఈ సంగతి కొత్తదేమీ కాదు. సన్ కంపెనీ యూనిక్స్ యంత్రాల్లో హ్యాండిళ్లు ఊహించదగ్గవిగా ఉన్నాయని, ఎఫ్‌ఎస్‌ఐర్యాండ్ అనే పనిముట్టుకు ప్యాచ్ వేసుకోమని అమెరికాలోని సర్ట్ సంస్థ 1991 డిసెంబర్ 6న హెచ్చరిక ఇచ్చింది. డిస్కు మీదున్న ఐనోడ్లన్నిటికీ యాదృచ్ఛికంగా కొత్త జనరేషన్ నంబర్లు రాయడమే ఆ పనిముట్టు పని. మూడు దశాబ్దాలు గడిచినా మా కాలేజీలో అదే తలుపు తెరిచి ఉందంటే, ఈ పాఠం మనదాకా సరిగ్గా చేరలేదనే నేను అనుకుంటున్నాను.

ఇక పని మొదలుపెడదాం. ముందు మీ సర్వర్ ఎలాంటి అంకెలిస్తుందో కళ్లారా చూడండి. ఎక్స్‌పోర్ట్ చేసిన ఫోల్డరులో టచ్ కమాండుతో ఖాళీ ఫైళ్లు ఓ పది సృష్టించండి. తర్వాత ఎల్‌ఎస్‌ఎటీటీఆర్ కమాండుకు మైనస్ వి తగిలించి వాటి మీద నడపండి. ప్రతి ఫైలు ముందూ కనిపించే పెద్ద అంకె జనరేషన్ నంబరు. మా పాత సర్వర్‌లో సెంట్‌ఓఎస్ 7 అనే లైనక్స్ ఉండేది, దాని కెర్నల్ (లోపలి ప్రధాన ప్రోగ్రాము) 3.10. అక్కడ నాకు వచ్చిన వరస 2841937731, 2841937732, 2841937733... పదో ఫైలుదాకా ఒక్కొక్కటే పెరిగింది. డిస్కు మౌంట్ అయినప్పుడు (వాడకానికి తగిలించినప్పుడు) యాదృచ్ఛికంగా ఒక అంకె తీసుకోవడం, అక్కడి నుంచి ఒకటొకటి కలుపుకుంటూ పోవడం ఆ కాలపు ఎక్స్‌4 పద్ధతి. అంటే నేనొక ఫైలు సృష్టించి దాని అంకె చూసుకుంటే, అదే గంటలో ఇంకెవరో సృష్టించిన ఫైలు అంకె దానికి ఇటో అటో పదుల్లోనో వందల్లోనో ఉంటుంది. యాదృచ్ఛికం అన్న మాట ఇక దేనికి?

2017 చివర్లో కెర్నల్‌లో ఆ లెక్క తీసేసి ప్రతి ఫైలుకూ విడిగా యాదృచ్ఛిక అంకె ఇవ్వడం మొదలుపెట్టారు. ఆ మార్పు భద్రత కోసం చేసింది కాదు, ఒకేసారి అనేక ప్రాసెసర్లు ఫైళ్లు సృష్టిస్తున్నప్పుడు ఒక్క లెక్క దగ్గర అన్నీ క్యూ కట్టకూడదని చేసింది. మనకు మాత్రం మేలు జరిగింది. మీ పది అంకెలు వరసగా వస్తే కెర్నల్ పాతదని అర్థం. సెంట్‌ఓఎస్ 7కు 2024 జూన్ 30తో మద్దతు కూడా ముగిసింది, కాబట్టి మార్చడానికి వేరే కారణం వెతకక్కర్లేదు. కానీ కెర్నల్ మార్చినంత మాత్రాన పాత ఫైళ్ల అంకెలు మారవు. డిస్కు మీద రాసి ఉన్నవి అలాగే ఉంటాయి.

ఇప్పుడు అసలు విషయం. పైన చెప్పినదంతా సరిచేసినా మా కుర్రాడు చేసిన పని మళ్లీ చేయగలిగేవాడు. ఎందుకో చూడాలంటే డీబగ్‌ఎఫ్‌ఎస్ కమాండుకు మైనస్ పెద్ద ఆర్ పెట్టి, కొటేషన్ గుర్తుల మధ్య స్టాట్ అని రాసి కోణపు బ్రాకెట్లలో 2 వేయండి, చివర డిస్కు పేరు ఇవ్వండి. ఎక్స్‌4లో ఫైల్ సిస్టమ్ మూల డైరెక్టరీకి ఎప్పుడూ ఐనోడ్ నంబరు 2. జనరేషన్ అన్న చోట చూడండి. నాకు కనిపించింది సున్నా. డిస్కును ఫార్మాట్ చేసేటప్పుడే పుట్టే డైరెక్టరీ కాబట్టి దానికి యాదృచ్ఛిక అంకె తగలనే లేదు. యూయూఐడీ ఎలాగూ క్లయింటుకు వచ్చిన ప్రతి హ్యాండిల్‌లోనూ ఉంటుంది. ఐనోడ్ 2, జనరేషన్ 0. ఊహించడానికి ఇంకేమీ మిగల్లేదు.

మూల డైరెక్టరీ హ్యాండిల్ ఒక్కటి చేతికొస్తే మిగతా ఫైళ్ల అంకెలు ఊహించాల్సిన అవసరమే లేదు. ఆ డైరెక్టరీలో మార్కుల ఫోల్డరు పేరు పెట్టి వెతకమని అడిగితే సర్వరే దాని హ్యాండిల్ ఇస్తుంది, అందులో ఫైలు అడిగితే దాని హ్యాండిలూ ఇస్తుంది. ఇంక అనుమతుల సంగతి. మా సర్వర్‌లో మామూలు ఆథ్ సిస్ పద్ధతి ఉండేది. అందులో క్లయింటు "నేను యూజర్ నంబరు 1003" అని పంపితే సర్వర్ నమ్మేస్తుంది. రూట్ స్క్వాష్ ఉంది కదా అనుకున్నాను నేను. అది యూజర్ 0ను మాత్రమే ఆపుతుంది. ఆఫీసు క్లర్కుగా వచ్చినవాడిని ఆపదు.

మరి విద్యార్థుల ఫోల్డరు మాత్రమే ఎక్స్‌పోర్ట్ చేశాను కదా, దాటి వెళ్తుంటే సర్వర్ ఎందుకు అడ్డుకోలేదు? నా ఎక్స్‌పోర్ట్స్ ఫైల్లో నో సబ్‌ట్రీ చెక్ అని ఉంది. ఎన్‌ఎఫ్‌ఎస్ యుటిల్స్ 1.1.0 నుంచి ఏమీ రాయకపోయినా అదే వర్తిస్తుంది. ఆ స్థితిలో సర్వర్ చూసేది ఈ హ్యాండిల్ ఎక్స్‌పోర్ట్ అయిన ఫైల్ సిస్టమ్‌దేనా అని మాత్రమే. ఆ ఫోల్డరు లోపలిదా బయటిదా అని చూడదు. సబ్‌ట్రీ చెక్ పెట్టుకోవచ్చు కదా అని మీరడగొచ్చు. పెడితే హ్యాండిల్‌లో తల్లి డైరెక్టరీ వివరం కూడా చేరుతుంది, ఎవరైనా తెరిచి ఉన్న ఫైలును ఇంకో డైరెక్టరీలోకి జరిపితే క్లయింటు దగ్గర అది చెడిపోతుంది. హోమ్ డైరెక్టరీలకు అది రోజూ తలనొప్పి. నేను వద్దంటాను.

సరైన మందు ఒక్కటే: ఎక్స్‌పోర్ట్ చేసే ప్రతి ఫోల్డరుకూ దానికంటూ ఒక ఫైల్ సిస్టమ్ ఉండాలి. అప్పుడు ఐనోడ్ 2 హ్యాండిల్ ఎవరు తయారుచేసుకున్నా తెరుచుకునేది వాళ్లకు ఇప్పటికే ఇచ్చిన ఇల్లే. ఇన్నాళ్లూ ఒకే ఇంట్లో ఒక గది అద్దెకిచ్చి మిగతా గదుల తలుపులు వేసుంటాయని నమ్మడమే నా తప్పు.

నేను ఈ పని రెండో శనివారం సెలవు నాడు పెట్టుకున్నాను. ముందు రోజు రాత్రి బ్యాకప్ తీసి, దాన్ని వేరే యంత్రం మీద తెరిచి చూశాను. ఈ మెట్టు దాటేయకండి. పొద్దున అన్ని ల్యాబుల యంత్రాలూ ఆపించాను. ఎల్‌వీఎంలో (డిస్కును వాల్యూములుగా విడగొట్టే ఏర్పాటు) ఖాళీ జాగా ఉంది కాబట్టి ఎల్‌వీక్రియేట్‌తో విద్యార్థులకు ఒక వాల్యూమ్, అధ్యాపకులకు ఒకటి తీసి, రెండింటినీ ఎంకేఎఫ్‌ఎస్‌తో ఎక్స్‌4గా ఫార్మాట్ చేశాను. పాత చోటు నుంచి ఆర్‌సింక్‌తో మైనస్ ఏ, పెద్ద హెచ్, పెద్ద ఏ, పెద్ద ఎక్స్ ఇచ్చి ఫైళ్లు తెచ్చుకున్నాను. హార్డ్ లింకులు, ఏసీఎల్‌లు, అదనపు లక్షణాలు పోకుండా ఉండాలంటే ఆ పెద్ద అక్షరాలు మూడూ కావాలి. సర్వర్‌కు అప్పటికే కొత్త కెర్నల్ వేసి ఉంచాను. అందువల్ల కాపీ అయిన ప్రతి ఫైలుకూ కొత్త ఐనోడ్, కొత్త యాదృచ్ఛిక జనరేషన్ నంబరు వచ్చాయి. పాత అంకెలు మార్చడానికి లైనక్స్ ఎక్స్‌4లో ఇంతకన్నా నమ్మకమైన దారి నాకు తెలియదు. మార్కుల ఫోల్డరు పాత వాల్యూమ్‌లోనే వదిలేశాను. ఆ వాల్యూమ్ ఇప్పుడు ఎవరికీ ఎక్స్‌పోర్ట్ కాదు.

ఆ తర్వాత ఎక్స్‌పోర్ట్స్ ఫైల్లో కొత్త దారులు రాసి ఎక్స్‌పోర్ట్‌ఎఫ్‌ఎస్ మైనస్ ఆర్‌ఏ కొట్టాను. క్లయింట్లు మళ్లీ మౌంట్ చేసుకోవాల్సిందే, పాత హ్యాండిళ్లన్నీ స్టేల్ అయిపోతాయి. యంత్రాలు ముందే ఆపించింది అందుకే.

ఒక దారి మాత్రం తొక్కకండి. మూల డైరెక్టరీకి సున్నా ఉంది కదా, సీహెచ్‌ఎటీటీఆర్ మైనస్ వితో వేరే అంకె వేసేద్దామని నాకూ అనిపించింది. మెటాడేటా చెక్‌సమ్ (డిస్కు మీది వివరాలు చెడితే పట్టుకునే లెక్క) ఉన్న ఎక్స్‌4లో కెర్నల్ అందుకు ఒప్పుకోదు. ఆ డైరెక్టరీ బ్లాకుల చెక్‌సమ్‌లు ఐనోడ్ నంబరు, జనరేషన్ నంబరు కలిపి లెక్కకట్టినవి. అంకె మారితే డైరెక్టరీలోని బ్లాకులన్నీ తప్పు లెక్కతో మిగులుతాయి. డీబగ్‌ఎఫ్‌ఎస్‌తో బలవంతంగా మార్చాలని చూస్తే మీ సెలవు రోజు మొత్తం డిస్కు రిపేరులోనే పోతుంది.

ఇంకో మూల కూడా వెతకాలి, అది క్లోన్ చేసిన డిస్కులు. మా దగ్గర ఒక సర్వర్ సిద్ధం చేసి, దాని డిస్కును డీడీతో ఇంకో రెండు యంత్రాలకు కాపీ చేసే అలవాటు ఉండేది. ఇలా కాపీ అయితే యూయూఐడీ ఒకటే, ఐనోడ్లు ఒకటే, జనరేషన్ నంబర్లూ ఒకటే. ఒక సర్వర్‌లో తెలిసిన హ్యాండిల్ ఇంకో సర్వర్‌లోనూ పనిచేస్తుంది. ఎక్స్‌4 అయితే అన్‌మౌంట్ చేసి, ఈ2ఎఫ్‌ఎస్‌సీకే మైనస్ ఎఫ్‌తో పరీక్షించి, ట్యూన్2ఎఫ్‌ఎస్ మైనస్ పెద్ద యూ ర్యాండమ్ అని కొట్టండి. ఎక్స్‌ఎఫ్‌ఎస్ అయితే ఎక్స్‌ఎఫ్‌ఎస్ అడ్మిన్ మైనస్ పెద్ద యూ జనరేట్. యూయూఐడీ మారినా లోపలి అంకెలు మారవు కాబట్టి, కుదిరితే కొత్తగా ఫార్మాట్ చేసి ఆర్‌సింక్‌తో నింపుకోవడమే మంచిది. ఎక్స్‌పోర్ట్స్ ఫైల్లో ఎఫ్‌ఎస్‌ఐడీ సమానం 1, 2, 3 అని చేత్తో రాసే అలవాటుంటే అదీ మానండి. నాలుగో వెర్షన్ మూలానికి సున్నా వేయాల్సి వచ్చినప్పుడు తప్ప, అక్కడ యూయూఐడీ ఇవ్వొచ్చు.

ఫ్రీబీఎస్‌డీ వాడేవాళ్లకు ఈ పని సులువు, పాత ఎఫ్‌ఎస్‌ఐర్యాండ్ అక్కడ ఇంకా ఉంది. మా బ్యాకప్ యంత్రం ఫ్రీబీఎస్‌డీయే, అందులో యూఎఫ్‌ఎస్ డిస్కు ఒకటి క్లోన్ చేసినది. కొత్తగా ఫార్మాట్ చేసిన డిస్కుకు ఈ పని అక్కర్లేదు, న్యూఎఫ్‌ఎస్ తనే యాదృచ్ఛిక అంకెలు వేస్తుంది. క్లోన్ చేసినదానికి, లేదా హ్యాండిళ్లు ఎవరి చేతిలోనైనా పడ్డాయన్న అనుమానం ఉన్నదానికే కావాలి. ముందు అన్‌మౌంట్ చేయండి. ఎఫ్‌ఎస్‌సీకేతో శుభ్రంగా ఉందని తేల్చుకోండి. మైనస్ పీ ఇచ్చి ఎఫ్‌ఎస్‌ఐర్యాండ్ నడిపితే ఇప్పుడున్న అంకెలు అచ్చవుతాయి, వాటిని ఒక ఫైల్లో దాచండి. ఆ తర్వాత ఏ గుర్తూ లేకుండా డిస్కు పేరుతో నడపండి. మళ్లీ మైనస్ పీతో చూసి పాత జాబితాతో పోల్చుకోండి. ఐనోడ్ 2కూ కొత్త అంకె పడటం చూసి నాకు చాలా ఊరట కలిగింది, ఎక్స్‌4లో దొరకనిది ఇదే. ఇంకోసారి ఎఫ్‌ఎస్‌సీకే నడిపి మౌంట్ చేయండి. మౌంట్ అయి ఉన్న డిస్కు మీద మాత్రం ఎన్నడూ నడపొద్దు. సిస్టమ్ మూల డిస్కే అయితే సింగిల్ యూజర్ మోడ్‌లో చేసి, వెంటనే రీబూట్ మైనస్ ఎన్ అనాలి. మెమరీలో ఉన్న పాత అంకెలు డిస్కు మీదకి తిరిగి రాసుకోకుండా ఆ మైనస్ ఎన్ ఆపుతుంది.

ఇదంతా చేశాక లెక్క ఎలా ఉంటుందో చూడండి. ఎక్స్‌4కు ఒక మినహాయింపు ఉంది: హ్యాండిల్‌లో జనరేషన్ నంబరు సున్నా అని పంపితే అది పోల్చకుండానే ఒప్పుకుంటుంది, కాబట్టి అక్కడ అసలు రక్షణ వేరు ఫైల్ సిస్టమే. అంకెను నిజంగా పోల్చే చోట లెక్క ఇదీ. జనరేషన్ నంబరు 32 బిట్లు, అంటే 429 కోట్ల 49 లక్షల 67 వేల 296 అవకాశాలు. సెకనుకు 5 వేల హ్యాండిళ్లు ప్రయత్నిస్తే ఒక్క ఐనోడ్‌కు మొత్తం తిప్పడానికి దాదాపు పది రోజులు. వేగమైన నెట్‌వర్కు మీద సెకనుకు 50 వేలు పంపగలిగితే ఒక్క రోజులో అయిపోతుంది. కాబట్టి ఈ అంకె ఎప్పటికీ తెరుచుకోని తాళం కాదు. కానీ ఊహించేవాడు చాలా చప్పుడు చేయాల్సి వస్తుంది, ఆ చప్పుడు వినే ఏర్పాటు మన చేతుల్లో ఉంది. లైనక్స్ సర్వర్‌లో ఎన్‌ఎఫ్‌ఎస్‌స్టాట్ కమాండుకు మైనస్ ఎస్, మైనస్ ఓ ఎఫ్‌హెచ్ ఇస్తే స్టేల్ అని ఒక లెక్క కనిపిస్తుంది. తప్పు హ్యాండిల్ వచ్చిన ప్రతిసారీ అది పెరుగుతుంది. నేను గంటకోసారి క్రాన్‌తో ఆ అంకె తీసి, గత గంటతో తేడా ఐదు వందలు దాటితే నా ఫోనుకు మెసేజ్ వచ్చేలా పెట్టుకున్నాను. మామూలు రోజుల్లో మా తేడా పదులు దాటదు.

ఊహించనక్కర్లేకుండా చూసేవాళ్ల సంగతి వేరు. హ్యాండిళ్లు నెట్‌వర్కులో దాపరికం లేకుండా పోతాయి, 2049 పోర్టు మీద ప్యాకెట్లు పట్టుకోగలిగినవాడికి టోకెన్ కనిపిస్తుంది. దానికి మందు కెర్బెరోస్ అనే గుర్తింపు తనిఖీ పద్ధతి. ఎక్స్‌పోర్ట్ వరుసలో సెక్ సమానం కేఆర్‌బీ5పీ అని పెడితే మాటలన్నీ గుప్తంగా పోతాయి, యూజర్ నంబరు చెప్పి నమ్మించడం కుదరదు. టోకెన్‌తో పాటు ఆధార్ కార్డు కూడా చూపించమన్నట్టు. దీనికి కెర్బెరోస్ సర్వర్ ఒకటి పెట్టాలి, యంత్రాల గడియారాలన్నీ 5 నిమిషాల తేడా లోపు ఉండాలి. మేము అధ్యాపకుల వాల్యూమ్‌కు పెట్టేశాం. విద్యార్థుల ల్యాబులకు ఇంకా పూర్తి కాలేదు. అందాకా 2049, 111 పోర్టులూ మౌంట్‌డీ పోర్టూ ల్యాబు యంత్రాలకు మాత్రమే తెరిచి, సొంత ల్యాప్‌టాప్‌లు తగిలించే వైఫైని వేరే నెట్‌వర్కుగా విడగొట్టాం. కుర్రాడు మొదట వచ్చింది ఆ దారినే.

కంటెయినర్లు నడిపేవాళ్లకు ఒక్క మాట. ఎన్‌ఎఫ్‌ఎస్ లేకపోయినా ఇదే హ్యాండిల్‌ను ఒకే యంత్రం లోపల తెరిచే సిస్టమ్ కాల్ లైనక్స్‌లో 2.6.39 నుంచి ఉంది. 2014 జూన్‌లో షాకర్ అనే పేరుతో బయటపడ్డ కోడ్ కంటెయినర్ లోపల కూర్చుని ఐనోడ్ 2తోనే మొదలుపెట్టి బయటి యంత్రం ఫైళ్లు చదివింది. క్యాప్ డాక్ రీడ్ సెర్చ్ అనే అధికారం ఉంటేనే అది సాధ్యం. డాకర్ ఇప్పుడు మామూలుగా ఆ అధికారం ఇవ్వదు. మీ కంపోజ్ ఫైళ్లలో ఎవరైనా దాన్ని చేర్చారేమో, ప్రివిలేజ్డ్ అని పెట్టారేమో ఒకసారి వెతకండి.

పని అయిపోయిన సోమవారం మా హెచ్‌ఓడీ గారి అనుమతి తీసుకుని ఆ కుర్రాణ్ని పిలిచాను. ల్యాబు యంత్రం ముందు కూర్చోబెట్టి, "మళ్లీ చెయ్యి నాన్నా, నా ఎదురుగానే" అన్నాను. చివరి 8 బైట్లు మార్చి పంపాడు. మూల డైరెక్టరీ తెరుచుకుంది. అందులో ఉన్నవి విద్యార్థుల హోమ్ ఫోల్డర్లు, లాస్ట్ ప్లస్ ఫౌండ్ డైరెక్టరీ. పైకి వెళ్లమని అడిగాడు, వెళ్లడానికి పైన ఏమీ లేదు. పాత మార్కుల ఫోల్డరు హ్యాండిల్ తన నోట్స్‌లో రాసిపెట్టుకున్నాడట, అదీ పంపాడు. స్టేల్ ఫైల్ హ్యాండిల్ అని వచ్చింది. నా తెర మీద స్టేల్ లెక్క ఒకటి పెరిగింది.